నొప్పి లేదన్న కాలు

నల్లగొండ గడియారం సెంటర్ల
టైలర్ దుకాణం మీది అర్ర.
కింద మిషన్ల చప్పుడు.
పైన నేను, ఒక వాలుకుర్చీ, ఆరు తువాళ్లు,
గోడకు పాదం పటం.

పటంల బొటనవేలి కాడ తల ఉంటది,
మడిమె కాడ నడుము,
నడిమిట్ల గుండె, కార్జం, కడుపు.
అరికాల్ల మనిషిని మడిచి పెట్టినట్టు.
చూసినోళ్లు నోరు తెరుస్తరు.
నఫీసా మేడం మొదటి రోజే అన్నది:
"ఇది పటం, ఊరు కాదు.
పటం పట్టుకొని ఊరంతా తెలుసనకు."

ముప్పై ఏండ్లు సర్కారు దవాఖానల కట్లు కట్టిన చెయ్యి ఆమెది.
నాకు మూడు నెలలు నొక్కుడే నేర్పలేదు.
గోర్లు తీసుకునుడు నేర్పింది.
తువాలు ఉడకబెట్టుడు,
వేళ్ల సందులల్ల దీపం పెట్టినట్టు చూసుడు,
అడిగింది అడిగినట్టు రాసుకునుడు:
షుగరుందా, రక్తం పలచనయ్యే గోలీ మింగుతున్నవా,
నెల తప్పిందా అమ్మా.
అడగనీకి సిగ్గుపడేటోళ్లకు
ముట్టుకునే హక్కు లేదనేది.
"ఒక్క కాలి పిక్క ఉబ్బి, ఎర్రబడి, వేడిగుంటే
చెయ్యి వెనక్కి తీసుకో.
లోపల గడ్డ కట్టిన రక్తం ఉండొచ్చు.
రుద్దితే అది ఏ తొవ్వ పడతదో
నీకూ తెల్వదు, నీ పటానికీ తెల్వదు."

మర్రిగూడ దిక్కు నుంచి వస్తరు కొందరు.
తాగిన నీళ్లు ఎముకల్లకు దిగి
అక్కడే గట్టిపడ్డ మనుషులు.
వాళ్ల చీలమండ తిప్పను, వేలు గుంజను.
వెచ్చటి తువాలు చుట్టి
అరచెయ్యి ఎంత బరువో అంతే మోపుత.
"నయమైతదా బిడ్డా?"
"కాదు పెద్దమ్మా, ఒక గంట పానం తేలికైతది."
గంటకే పైసలు తీసుకుంట.

ఈదయ్య వచ్చింది చైత్రంల, మిట్టమధ్యాహ్నం.
బోరుబండి మీద ఇరవై ఏండ్లు పనిచేసిండట.
మూడువందలు ముందే బల్ల మీద పెట్టిండు.
"గట్టిగ నొక్కు. నాకు నొప్పి తెల్వదు."
గర్వంగ అన్నడా మాట.

కాళ్లు కడుగుతుంటే
ఎడమ మడిమెల తగిలింది
చెప్పు మొల.
అట్ట చీల్చుకొని, తోలు చీల్చుకొని,
తలదాక దిగి, నల్లగ.
చుట్టూ తెల్లగ నానిన చర్మం, ఒక పాడు వాసన.
ఎన్నొద్దుల నుంచి దాని మీదనే నడుస్తున్నడో.
నేను చూపిస్తే
వేరేటోని కాలు చూసినట్టు చూసి నవ్విండు.
"నొప్పైతే లేదు బిడ్డా."

నొప్పంటే ఒంటికి కావలి కుక్క.
అది మొరగడం మానేసిన ఇంట్ల
దొంగ నింపాదిగ తిరుగుతున్నడు.

నా వేళ్లకు వచ్చిన విద్యంతా
ఆ నిమిషం పనికిరాలె.
చెయ్యి ఆపుడొక్కటే పనికొచ్చింది.
మొల పీకలె. మందు పుయ్యలె.
ఉతికిన గుడ్డ వదులుగ చుట్టి
ఆటో పిలిచిన, పెద్ద దవాఖానకు.

మెట్ల మీద తిట్టుకుంట దిగిండు:
"నొక్కనీకి రానోళ్లకు బోర్డెందుకు?"
కింద మిషన్లు ఆగినయి.
అందరికీ వినబడ్డది.
మూడువందలు ఆయన జేబులనే కుక్కి
మీదికొచ్చి రాసుకున్న:
*నొక్కలేదు. పంపిన.*
ఆ రాత్రి నా మడిమె నేనే గిచ్చి చూసుకున్న.
మంట పుట్టింది. బతికిచ్చినవనుకున్న.

మూడు నెలలకు మళ్ల వచ్చిండు.
కొత్త చెప్పులు, మెత్తటియి, మొలలు లేనియి.
మాట్లాడకుంట కుర్చీల కూసున్నడు.
మడిమె మీద మాసిన గాయం, లేత గులాబి రంగు.
"ఇప్పుడన్నా నొక్కుతవా?"
"డాక్టరు చీటీ ఏది?"

నా వంశాన్నంతా ఒక్కపారి తలుచుకొని
లేచి మెట్లు దిగిండు.
నేను వాకిట్ల నిలబడి చెవి పెట్టిన:
కుడి, ఎడమ,
కుడి,
ఎడమ.